మెట్ట బావి నీటి గుట్టు విప్పిన డాక్టర్ షార్ట్

నెల్లూరు జిల్లాకు తూర్పున సముద్రం, పడమట మెట్ట. తీరపు పల్లెల్లో దొరువు నీళ్లు ఉప్పెక్కితే నాలుకకే తెలిసిపోతుంది. మెట్టలో అలా కాదు. బావి నీళ్లు తేటగానే ఉంటాయి, రుచిలో తేడా ఉండదు. ఆ తేట నీళ్లే మనుషుల నడుములు బిగదీస్తున్నాయని 1937లో లోకానికి తెలియజేసిన వైద్య బృందానికి ముందు నిలిచినవారు డాక్టర్ హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్.

షార్ట్ 1887లో పంజాబ్‌లో జన్మించారు. స్కాట్లాండులోని అబర్డీన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. హోదాకు సైనిక వైద్యుడే అయినా పరిశోధనకే ఎక్కువ కాలం వెచ్చించారు. అస్సాం ప్రాంతంలో కాలా అజార్ అనే జ్వరం అప్పట్లో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టేది. రోగికి పొట్టలో బల్ల పెరిగి, ఒంట్లో రక్తం తగ్గి, మనిషి చిక్కి చనిపోయేవాడు. ఈ జబ్బు ఒకరినుంచి ఒకరికి ఎలా పాకుతుందో తేల్చడానికి షార్ట్ ఏళ్ల తరబడి శ్రమించారు. దోమకన్నా చిన్నదైన ఇసుక ఈగ కాటే కారణమని 1942లో స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలసి రుజువు చేశారు.

ఎడ్లకు వచ్చింది, మనుషులకూ వచ్చింది

1930 దశకంలో ఆయన మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా ఉన్నారు. అప్పుడు నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. పొదిలి, దర్శి, కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోనివే.

ఆ మెట్ట ప్రాంతాల్లో కీడును ముందుగా పసిగట్టింది రైతులు. దుక్కిటెడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేక కూలబడేవి. తర్వాత అదే అవస్థ మనుషుల్లోనూ బయటపడింది. పిల్లల పళ్లపై గార పట్టినట్టు పసుపు, గోధుమరంగు చారలు. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగిన పెద్దలకు ఒళ్లు తిమ్మిర్లు, నడుము నొప్పి. క్రమంగా వెన్ను కర్రలా బిగిసేది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. వెన్నులోని నరాలు నొక్కుకుపోయి, కొందరు కాళ్లు పడిపోయి మంచం పట్టేవారు. ఇలాంటి నొప్పులను వాతమని సరిపెట్టుకోవడం పల్లెల్లో మామూలే.

షార్ట్ బృందం రోగిని ఒకవైపు, ఊరి నీటిని మరోవైపు పరీక్షించింది. రోగుల పరీక్షలో, ఎక్స్‌రేల్లో మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ పాలుపంచుకున్నారు. నీటి పనిలో సి.జి. పండిట్, రాఘవాచారి తోడ్పడ్డారు. ఈ పండిట్ గారే తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యారు. ఎక్స్‌రేల్లో ఎముకలు మామూలుకన్నా దట్టంగా కనిపించాయి. కీళ్లను పట్టి ఉంచే నరాలు కూడా ఎముకలా గట్టిపడ్డాయి. బావుల నీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించి ఉంది. జబ్బుకు మూలం అదేనని తేలింది.

1937లో ఈ వివరాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. నీటివల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదటిసారి గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే. ఆ రోగుల ఎముకలు చెప్పిన సాక్ష్యం నేటికీ వైద్య గ్రంథాల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంది.

నీటిలోకి ఎలా వస్తుంది?

మెట్ట నేలల అడుగున ఉండే కొన్ని రాళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువైన చోట నీరు ఆ రాళ్ల మధ్య చాలాకాలం నిలిచి దాన్ని కరిగించుకుంటుంది. సున్నం తక్కువగా, సవుడు ఎక్కువగా ఉన్న నీటిలో మరింత కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండటం మేలు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు మాత్రమే ఒప్పుకుంటారు.

ఒకసారి బిగిసిన వెన్నును తిరిగి వంచే మందు షార్ట్ నాటికి లేదు, నేటికీ లేదు. నీరు మార్చడం ఒక్కటే దారి. అయితే కారణం తెలిసినంత త్వరగా మంచినీళ్లు ఊళ్లకు రాలేదు. నల్లగొండ జిల్లాలో తరాల తరబడి జనం ఇదే జబ్బుతో కుంగిపోయారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి చివరకు నల్లగొండ పేరే స్థిరపడింది. పొదిలి, దర్శి, కనిగిరి 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరాయి. జిల్లా హద్దులు మారినా, నేల అడుగున రాయి మారలేదు.

మలేరియా దాగిన చోటు

భారతదేశం విడిచి వెళ్లాక షార్ట్ లండన్‌లో ఆచార్యులయ్యారు. మలేరియా దోమవల్ల వస్తుందని 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి తెలిసిందే. కాని దోమ కుట్టాక జ్వరం వచ్చేదాకా ఆ క్రిమి ఒంట్లో ఎక్కడ దాగుతుందో యాభై ఏళ్లపాటు అంతుపట్టలేదు. అది కాలేయంలో పెరుగుతుందని 1948లో షార్ట్, గార్నమ్ కలసి నిరూపించారు. మొదట కోతిలో, తర్వాత మనిషిలో చూపించారు. 1950లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. నూరేళ్లు నిండాక 1987లో కన్నుమూశారు.

ఇసుక ఈగ, కాలేయం, బావి నీరు. మూడుచోట్లా ఆయన వెతికింది జబ్బు పుట్టే చోటునే. మందు లేని జబ్బుకు ఆ వెతుకులాటే మందు.

మెట్ట పల్లెల వారు గమనించవలసింది ఒకటుంది. నీళ్లు కాచినా, గుడ్డతో వడకట్టినా ఫ్లోరైడ్ పోదు. కాచిన కొద్దీ నీరు తగ్గి అది మరింత చిక్కనవుతుంది. కొత్తగా బావి తవ్వినా, బోరు వేసినా తాగడానికి ముందే నీటిని పరీక్ష చేయించుకోవాలి. ఊళ్లో చాలామంది పిల్లల పళ్లపై చారలు కనిపిస్తే నీటిని వెంటనే అనుమానించాలి. పళ్ల దగ్గరే మేలుకుంటే వెన్ను దాకా రాదు.