జోనాథన్ పోస్టెల్‌గారి చరిత్రము

ఉదయమున బడి గంట మ్రోగగానే ఉపాధ్యాయుడు మొదట తెరచు పుస్తకము హాజరుపట్టీ. అందు ప్రతి విద్యార్థికి నొక పేరును, నొక సంఖ్యయు నుండును. ఇద్దరికి నొకే సంఖ్య వేసిన దినమున తరగతి యంతయు తారుమారగును. కంప్యూటరుల లోకమునకు నిట్టి పట్టీయే యవసరమైనప్పుడు, అందలి సంఖ్యలను తప్పిపోకుండ జీవితాంతము కాచిన సేవకు డొకడు గలడు. ఆయన చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకు సంగ్రహముగ దెలుప నుద్దేశించితిమి.

జోనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అమెరికాదేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున, ఆల్టడీనా యను ఊర జన్మించెను. ఆయన చదివినది వాన్ నైస్ ఉన్నత పాఠశాల. స్టీవ్ క్రాకర్, వింటన్ సెర్ఫ్ అను వారును ఆ పాఠశాల విద్యార్థులే. ఒక్క బడిలో చదివిన ఈ ముగ్గురును తరువాత నొకే మహాకార్యమున తోడి పనివారగుట విశేషము. పోస్టెల్ లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జేరి, 1966లో పట్టమును, 1968లో పై పట్టమును, 1974లో డాక్టరు పట్టమును బొందెను.

ఆయన యచట విద్యార్థిగా నుండగనే, 1969లో ఆర్పానెట్ అను వలయంత్రము పుట్టెను. దూరదూరముల నున్న కంప్యూటరులు తంతిమార్గమున సంభాషించుకొను ఆ యేర్పాటునకు మొదటి స్థానము ఆయన చదువుకొనుచున్న ఆ విశ్వవిద్యాలయమే. ఆ యేప్రిలు నెలలోనే క్రాకర్, పనివారి యభిప్రాయములను గోరు పత్రముల వరుస నొకదానిని ప్రారంభించెను. ఆ పత్రములకు సంఖ్యలు వేయుట, భాష దిద్దుట, భద్రపరచుట యను పని పోస్టెల్ చేతికి వచ్చెను. మరణపర్యంత మాయన దానిని విడువలేదు.

1972లో ఆయన వ్రాసిన యొక చిన్న పత్రమున, కంప్యూటరుల ద్వారములకు సంఖ్యలను పంచి యిచ్చుటకు నొక యధికారి యుండవలెనని సూచించి, ఆ యధికారి తానే కావచ్చునా యని ప్రశ్నార్థక చిహ్నముతో నడిగెను. పదవిని కోరుటయందును ఆయన వినయ మట్టిది. ఆ సంఖ్యల పుస్తకము నాటినుండి ఆయనయొద్దనే యుండెను.

ఇక పేర్ల సంగతి. కంప్యూటరులు ఒకదాని నొకటి సంఖ్యలచే నెఱుగును. మనుష్యులకో పేర్లే జ్ఞాపకముండును. కావున ఏ పేరు ఏ సంఖ్యకు జెల్లునో తెలుపు పట్టిక యొకటి కావలసివచ్చెను. తొలుత ప్రతి స్థానమువారును తమ పట్టికను తామే వ్రాసికొనుచుండిరి. ఒకరి పట్టిక యొకరి దానితో సరిపోవకుండెను. ఈ యిబ్బందిని గూర్చి 1973 డిసెంబరులో నొక పత్రము వెలువడగా, మరుసటి సంవత్సరము మొదలు స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమువారు అందరికి నొకే పట్టికను నిలుప నారంభించిరి. ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణి యా కార్యాలయమునకు నాయకురాలు. హోస్ట్స్ ఫైలు అని నేడు మనము పిలుచు దానికి పూర్వీకురాలు ఈ పట్టికయే.

పోస్టెల్ 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి సమాచారశాస్త్ర సంస్థలో జేరెను. 1981 సెప్టెంబరులో వెలువడిన ఇంటర్నెట్టు మూలనియమముల పత్రములకు సంపాదకు డాయనయే. తాను పంపు వర్తమానము నియమమునకు లోబడి యుండవలెను, ఇతరులనుండి వచ్చు దానియందు స్వల్పలోపమున్నను అర్థమగునేని ఓర్పుతో గైకొనవలెను అనునది ఆయన నేర్పిన పద్ధతి. 1982లో ఉత్తరములను జేరవేయు నియమమునుగూడ ఆయనయే వ్రాసెను.

ఇంతలో యంత్రములు వందలసంఖ్య కెదిగెను. పట్టిక దినదినము మాఱుచుండ, ప్రతివారును దానిని మరల మరల దెచ్చుకొనవలసివచ్చెను. ఒకే పేరును ఇరువురు పెట్టుకొను ప్రమాదమును కలిగెను. ఒక్క పుస్తకమున లోకమంతయు ఇముడదని గ్రహించి, పోస్టెల్ ఈ చిక్కును విడదీయుమని పాల్ మొకపెట్రిస్ అను సహచరునికి నప్పగించెను. ఆయన 1983లో పేర్లను శాఖోపశాఖలుగా విభజించి, ఏ శాఖను ఆ శాఖవారే కాచుకొను ఏర్పాటును గల్పించెను. నేడు డి.ఎన్.ఎస్. అనబడునది అదియే.

అయినను పాత పట్టిక నశింపలేదు. నేటికిని ప్రతి కంప్యూటరునందును చిన్న రూపమున హోస్ట్స్ ఫైలు గలదు. విండోసు యంత్రమున సిస్టమ్ 32 అను ఫోల్డరులోని డ్రైవర్స్‌లో ఈటీసీ యందును, లినక్స్, మాక్ యంత్రములలో ఈటీసీ యందును అది యుండును. యంత్రము సాధారణముగ పరులను అడుగుటకు ముందు దీనినే చూచును. ఒక్కొక్క పంక్తిలో ముందు సంఖ్య, పిదప ఖాళీ, పిదప పేరు. 127.0.0.1 అను సంఖ్యకు ఈ యంత్రమే యని యర్థము. దానికి లోకల్‌హోస్ట్ అని పేరు. # గుర్తు వెనుక వ్రాసినది మనుష్యులకే గాని యంత్రమునకు గాదు.

దీనిని దిద్దగోరువాడు ముందు ఒక ప్రతిని వేరుగా దాచుకొనవలెను. అడ్మినిస్ట్రేటరు అధికారముతో నోట్‌ప్యాడును తెరవవలెను. ఫైలు పేరు చివర మఱి యే తోకయు జేరకుండ సేవు చేయవలెను. ముందు డబ్ల్యు లున్న పేరు వేరు, లేని పేరు వేరు గనుక రెంటిని వేరువేరుగ వ్రాయవలెను. ఒక పేరుకెదుట 127.0.0.1 అని వ్రాసినచో ఆ స్థలమునకు దారి మూసినట్లే. అయితే దుర్మార్గులును ఈ పట్టికనే దిద్ది, బ్యాంకు పేరుకెదుట దొంగ సంఖ్యను వ్రాయగలరు. పేరు నిజమే, సంఖ్య యబద్ధము. అందుచేతనే పట్టికను గాచువాడు నమ్మదగినవాడై యుండవలెను.

పోస్టెల్ నమ్మకమునకు శోధన 1998లో వచ్చెను. పేర్ల వ్యాపారము పెరిగి, మూలపట్టికపై అధికార మెవరిదను వివాదము రేగియుండెను. ఆ జనవరి 28వ తేదీన ఆయన, మూలయంత్రములను నడుపువారిలో ఎనమండుగురికి, ఇకమీదట తన యంత్రమునుండియే పట్టికను గైకొనుడని వ్రాసెను. వారు మాఱుమాట లేక యట్లే చేసిరి. ప్రభుత్వమువారు అభ్యంతరము దెలుపగా, అది పరీక్ష మాత్రమేయని చెప్పి యాయన కొద్ది దినములలో పూర్వస్థితికి మరల్చెను. ఆ పని తగునా తగదా యని నేటికిని పెద్దలు తర్కింతురు. మా మట్టునకు, ముందుగా నెవరికిని దెలుపక యంతటి మార్పు చేయుట తగదనియే తోచును. కాని ఒక్క మాటతో లోకమార్గములను త్రిప్పగల శక్తి తన చేత నుండియు, దానిని మరల నప్పగించిన వాని మనస్సును మేము గౌరవింతుము.

ఒక్క మనుష్యునిపై నింత భారముండరాదని యెఱిగి, ఆ పనిని ఒక సంస్థకు నప్పగించుటకు ఆయన శ్రమించెను. ఐకాన్ అను ఆ సంస్థ 1998 సెప్టెంబరులో నేర్పడెను. అక్టోబరు 16వ తేదీన, హృదయమునకు జరిగిన శస్త్రచికిత్స తరువాత, పోస్టెల్ లాస్ ఏంజిలిస్ నగరమున మరణించెను. అప్పటి కాయన వయస్సు 55 సంవత్సరములు. ఆయన సంపాదకత్వము వహించిన పత్రముల వరుసలోనే మిత్రుడగు సెర్ఫ్ ఆయన స్మృతిని లిఖించెను.

ప్రియ విద్యార్థులారా, ఆయన రాజ్యములు జయింపలేదు, ధనరాసులు గూర్పలేదు. పట్టికలోని పంక్తులను సరిగా వ్రాసెను. కొంచెములో నమ్మకముగా నుండు దాసుని గూర్చి మనము సువార్తలో నేర్చికొందుము. మీ చేతి కప్పగింపబడిన పుస్తకము ఎంత చిన్నదైనను, అందలి ప్రతి పంక్తిని సత్యముగ వ్రాయుడు. మఱియొకరి కప్పగింపవలసిన దినము వచ్చినప్పుడు, సరియైన లెక్కతో నప్పగింపుడు.