చేచక్ వేరు, ఖస్రా వేరు అని చెప్పిన హకీమ్

మన ఇళ్లలో పెద్దవాళ్లు చేచక్ అనీ, ఖస్రా అనీ రెండు జబ్బుల పేర్లు చెబుతారు. తెలుగులో మశూచి, తట్టు. రెంటిలోనూ జ్వరం కాస్తుంది, ఒళ్లంతా పేలుతుంది. బిడ్డకు వచ్చింది ఏదో మొదటి రోజుల్లోనే పోల్చుకోకపోతే తల్లికి ఏం చెప్పాలో వైద్యుడికే తెలియదు. ఆ తేడాను విడమరచి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసినవారు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ. మదర్సాలో మేము ఆయన పేరు విన్నాం గాని, పసిపిల్లల వ్యాధుల మీద కూడా ఆయన పేర ఒక చిన్న గ్రంథం ఉందని చాలా కాలానికి గాని తెలియలేదు.

నేటి టెహరాన్ పక్కనున్న రయ్ నగరంలో క్రీ.శ. 865 ప్రాంతంలో పుట్టారు. వైద్యంలోకి కాస్త వయసు వచ్చాకే దిగారంటారు. రయ్‌లో, బాగ్దాదులో దవాఖానాలకు పెద్దగా పనిచేశారు. బాగ్దాదులో నాలుగు చోట్ల మాంసం వేలాడదీసి, ఆలస్యంగా కుళ్లిన చోట దవాఖానా కట్టించారనే కథ మనలో చాలామందికి తెలుసు. దాన్ని అజుదీ దవాఖానాకు ముడిపెడతారు గాని, అది ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు వెలిసింది.

మశూచి రాబోయే ముందు నడుం నొప్పి, ముక్కులో దురద, నిద్రలో ఉలికిపాటు ఉంటాయని ఆయన రాశారు. తట్టులో వికారం, కలత ఎక్కువ, నడుం నొప్పి తక్కువ. పొక్కులు కంట్లో లేస్తే చూపు పోతుంది కనుక, రోజుకు చాలాసార్లు పన్నీటి చుక్కలు వేయమన్నారు.

పిల్లలకే ఇది ఎందుకు వస్తుంది? పసివారి రక్తం కొత్తగా పిండిన ద్రాక్షరసం వంటిదనీ, అది పొంగి నిలకడకు రావాలనీ ఆయన తలచారు. ఆ లెక్కన ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ ఎందుకు రాదో కూడా జవాబు దొరుకుతుంది. అసలు కారణం అది కాదు, రెండు వేర్వేరు వైరస్‌లని ఇప్పుడు మనకు తెలుసు. అయినా ఒకసారి వచ్చిపోయిన జబ్బు మళ్లీ రాదన్న అనుభవం మీదనే 1796లో జెన్నర్ టీకా నిలిచింది. 1980లో మశూచి లోకం నుంచి పోయిందని ప్రకటించారు. తట్టు మాత్రం టీకా వేయించని పిల్లలను ఇంకా బలి తీసుకుంటూనే ఉంది.

పిల్లల కళ్లు కాపాడే దారి చెప్పిన రాజీకి చివరి రోజుల్లో చూపు పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలను శిష్యులు కూర్చి అల్ హావీ అనే మహాగ్రంథంగా తెచ్చారు. 1279లో సిసిలీలో ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు వైద్యుడు దాన్ని లాటిన్‌లోకి మార్చాడు.