పట్టభద్రులకు ప్రజాసేవలో శిక్షణ: గోపాలకృష్ణ గోఖలే జీవితం

1905 జూన్ 12వ తేదీ. పుణె నగరంలో ఫెర్గుసన్ కళాశాల వెనుకనున్న గుట్టపై నలుగురు వ్యక్తులు సమావేశమయ్యారు. అందరిలో పెద్దవాడైన 39 ఏళ్ల గోపాలకృష్ణ గోఖలే ముందుగా తాను ఏడు ప్రతిజ్ఞలు చేసి, తరువాత మిగిలిన ముగ్గురి చేతా చేయించారు. దేశమే తమ ఆలోచనల్లో మొదటి స్థానంలో ఉంటుందనీ, దేశసేవలో స్వలాభం కోరబోమనీ, కులమతాల తేడా లేకుండా భారతీయులందరినీ సోదరులుగా భావిస్తామనీ, సంస్థ ఇచ్చే భృతితోనే తృప్తిపడి అదనపు సంపాదనకు శక్తియుక్తులు వెచ్చించబోమనీ వారు మాట ఇచ్చారు. శీలవంతమైన జీవితం గడపడం, ఎవరితోనూ వ్యక్తిగత కలహానికి దిగకపోవడం, సంస్థ ఆశయాలను సదా కాపాడడం మిగిలిన నియమాలు.

సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ, అంటే భారత సేవక సమాజం, అలా పుట్టింది. కళాశాల చదువు ముగించిన యువకుడికి ఆనాడు కనిపించే దారులు ప్రభుత్వోద్యోగం, న్యాయవాద వృత్తి, అధ్యాపకత్వం. రాజకీయం అప్పటికి వకీళ్లూ సంపన్నులూ తీరిక వేళల్లో చేసే పని. ప్రజాజీవితం కూడా జీవితమంతా వెచ్చించవలసిన వృత్తి అనీ, వైద్యానికీ న్యాయానికీ ఉన్నట్లే దానికీ క్రమమైన శిక్షణ ఉండాలనీ గోఖలే భావించారు. ఆయనకు ఈ నమ్మకం పుస్తకాల నుంచి రాలేదు. కళాశాల విడిచిన తరువాత గడిచిన ఇరవై ఏళ్లలో ఎదురైన అనుభవాలు, వాటిలో ఒక ఘోర అవమానం, ఆయనకు ఆ పాఠం నేర్పాయి.

అన్న పంపిన ఎనిమిది రూపాయలు

గోఖలే 1866 మే 9న నేటి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా కోట్లుక్ గ్రామంలో ఒక పేద చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. పదమూడో ఏట తండ్రి మరణించారు. అన్న గోవిందరావు చదువు మానుకుని పదిహేను రూపాయల ఉద్యోగంలో చేరి, అందులో ఎనిమిది రూపాయలు తమ్ముడి చదువుకు పంపేవారు. మిగిలిన ఏడు రూపాయలతోనే ఇంటిని నెట్టుకొచ్చేవారు. ఆ ఎనిమిది రూపాయల బరువు ఎంతటిదో తమ్ముడికి తెలుసు. ఖర్చు తగ్గించుకోవడానికి ఒంటిపూట భోజనంతో, వీధి దీపాల వెలుతురులో చదువుకున్న రోజులు ఆయన బాల్యంలో ఉన్నాయని జీవితచరిత్రకారులు రాశారు.

1884లో, పద్దెనిమిదేళ్ల వయసులో, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి బి.ఎ. పట్టా అందుకున్నారు. కుటుంబమంతా ఆయన సంపాదన కోసం ఎదురుచూస్తున్న కాలమది. న్యాయశాస్త్ర తరగతుల్లో చేరినా ఆ దారిలో ముందుకు సాగలేదు. పుణెలోని న్యూ ఇంగ్లిష్ స్కూలులో ఉపాధ్యాయుడిగా చేరి, అనతికాలంలోనే డెక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆజీవ సభ్యుడయ్యారు. బాల గంగాధర తిలక్, గోపాల గణేశ్ ఆగర్కర్ వంటి వారు స్థాపించిన ఆ సంస్థలో సభ్యులు నెలకు 75 రూపాయల జీతంపై ఇరవై ఏళ్లు పనిచేస్తామని మాట ఇవ్వాలి. ప్రతిభ కలిగిన పట్టభద్రుడికి ఇంతకన్నా ఎన్నో రెట్ల ఆదాయం బయట దొరికేది. అయినా గోఖలే మాట తప్పలేదు. ఫెర్గుసన్ కళాశాలలో ఆంగ్లం, గణితం, చరిత్ర, అర్థశాస్త్రం బోధించారు. ఆయన రాసిన అంకగణిత పాఠ్యపుస్తకం పాఠశాలల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇరవై ఏళ్ల సేవ ముగిశాక ఆయనకు దక్కిన పింఛను నెలకు 30 రూపాయలు.

రానడే బడిలో

ఆయన రాజకీయ విద్యాభ్యాసం కళాశాల తరువాతే మొదలయింది. పుణెలో న్యాయమూర్తిగా ఉన్న మహదేవ గోవింద రానడే ఆ యువకుడిని చేరదీశారు. సుమారు పద్నాలుగేళ్లపాటు రానడే ఆయనకు పని అప్పగిస్తూ, చేసిన పనిని దిద్దుతూ వచ్చారు. ప్రభుత్వ నివేదికలు, ఆదాయ వ్యయ పట్టికలు, భూమిశిస్తు లెక్కలు చదివి సారం తీయడం, సార్వజనిక సభ తరఫున వినతిపత్రాలు రాయడం గోఖలే వంతు. ఒక్క అంకె తప్పినా, ఒక్క వాక్యం వదులుగా ఉన్నా రానడే తిరిగి రాయించేవారు.

ఎంతో శ్రమపడి తయారుచేసిన ఒక వినతికి ప్రభుత్వం పొడిగా ఒక్క ముక్కలో జవాబిచ్చినప్పుడు, ఇంత కష్టం దేనికని గోఖలే విసుగు చెందారు. ఈ కాగితాలు పేరుకు మాత్రమే ప్రభుత్వానికి రాస్తున్నవనీ, నిజానికి వీటిని చదవవలసింది ప్రజలనీ, ఈ విషయాలపై ఆలోచించడం వారు నేర్చుకోవాలనీ గురువు నచ్చజెప్పారు. ఫలితం మన తరంలో కనిపించకపోవచ్చునన్న ఆ మాట శిష్యుడి మనసులో నాటుకుపోయింది.

1889లో గోఖలే కాంగ్రెస్‌లో అడుగుపెట్టారు. సార్వజనిక సభ కార్యదర్శిగా ఉంటూ దాని త్రైమాసిక పత్రికను నడిపారు. ఆగర్కర్ స్థాపించిన సుధారక్ పత్రికలో ఆంగ్ల విభాగానికి రాశారు. 1895 నాటికి సార్వజనిక సభ తిలక్ వర్గం చేతిలోకి వెళ్లడంతో మరుసటి ఏడాది రానడే, గోఖలే డెక్కన్ సభను నెలకొల్పారు. మితవాదులకూ అతివాదులకూ మధ్య దేశమంతా చూసిన చీలికకు పుణెలో అది తొలి అంకం.

1897: వెంటాడిన అవమానం

ఆ ఏడాది భారత ఆర్థిక వ్యయంపై విచారణ జరుపుతున్న వెల్బీ కమిషన్ ముందు సాక్ష్యమివ్వడానికి గోఖలే లండన్ వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 30. సైనిక వ్యయం నుంచి ఉద్యోగాల్లో భారతీయుల వాటా వరకు ఆయన చూపిన లెక్కలు, ఎదురు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు అక్కడి వారిని ఆశ్చర్యపరిచాయి. రానడే దగ్గర నేర్చిన విద్యకు అది తొలి పరీక్ష.

అదే సమయంలో పుణెలో ప్లేగు చెలరేగింది. రోగుల కోసం ఇళ్లు సోదా చేస్తున్న సైనికులు స్త్రీలతో అమానుషంగా ప్రవర్తించారంటూ గోఖలేకు మిత్రుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిని నమ్మి ఆ ఆరోపణలను ఆయన బ్రిటిష్ పత్రికల ముందు పెట్టారు. జూన్ 22న పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్‌పై కాల్పులు జరగడంతో వాతావరణం మరింత వేడెక్కింది. ఆరోపణలకు ఆధారాలు చూపాలని ప్రభుత్వం నిలదీసింది.

ఓడ బొంబాయి చేరేసరికి గోఖలే ఒంటరి. ఉత్తరాలు రాసిన వారిలో ఎవరూ బయటకు వచ్చి సాక్ష్యమివ్వడానికి సిద్ధపడలేదు. వారి పేర్లు వెల్లడిస్తే భారం కొంత తగ్గేది. ఆయన ఆ పని చేయలేదు. నిరూపించలేని ఆరోపణ చేసినందుకు గవర్నరుకూ, సైనికులకూ బహిరంగంగా, షరతులు లేకుండా క్షమాపణ చెప్పారు. పిరికివాడని స్వదేశీయులు, అబద్ధాలకోరని ఆంగ్లేయులు నిందించారు. ఆ డిసెంబరులో విదర్భలోని అమరావతిలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో ఆయన వేదికపై మాట్లాడడానికి కూడా సహచరులే అడ్డుపడ్డారు.

రాజకీయాలు విడిచిపోవడానికి అంతకు మించిన కారణం అక్కరలేదు. గోఖలే మాత్రం పుణె తిరిగివెళ్లి ప్లేగు సహాయక చర్యల్లో స్వచ్ఛంద కార్యకర్తగా చేరారు. రోగుల ఇళ్లకూ శిబిరాలకూ తిరిగారు. నిర్ధారించుకోని మాటను సభలో పలకరాదన్న నియమం ఆయన తదనంతర జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన ప్రసంగాల్లో ఆవేశం తక్కువ, అంకెలు ఎక్కువ.

శాసనమండలిలో ఉప్పు లెక్క

1899లో బొంబాయి శాసనమండలికీ, 1901 చివర ఇంపీరియల్ శాసనమండలికీ ఎన్నికయ్యారు. అప్పటి మండలిలో అధికారులదే ఆధిక్యం. సభ్యులు బడ్జెట్‌పై మాట్లాడవచ్చు గానీ ఓటు వేయడానికి వీలులేదు. 1902 మార్చి 26న గోఖలే చేసిన తొలి బడ్జెట్ ప్రసంగం దేశం దృష్టిని ఆకర్షించింది. ప్రభుత్వం గర్వంగా చూపిన మిగులు దేశ సంపదకు గుర్తు కాదనీ, కరవుతో కుంగిన ప్రజల నుంచి అవసరానికి మించి పన్ను పిండుతున్నారనడానికి నిదర్శనమనీ ఆయన ప్రభుత్వ లెక్కలతోనే నిరూపించారు. ఉప్పు పన్ను తగ్గించాలని ఏటా అడుగుతూనే ఉన్నారు. మణుగుకు రెండున్నర రూపాయలున్న ఆ పన్ను 1903లో రెండు రూపాయలకూ, 1905లో రూపాయిన్నరకూ, 1907లో రూపాయికీ దిగింది. ఆ తగ్గింపు ఒక్కరి ఘనత కాదు. అయినా ఓటు లేని సభలో కూడా పట్టుదలతో అడిగే గొంతుకు విలువ ఉంటుందని అది చూపింది.

1905లో బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికలు సమీపిస్తున్న వేళ కాంగ్రెస్ ఆయననూ లాలా లజపతిరాయ్‌నూ ఇంగ్లండ్ పంపింది. భారతదేశ పరిస్థితులను అక్కడి ఓటర్లకు వివరించడం వారి బాధ్యత. గోఖలే ఊరూరా సభల్లో మాట్లాడి, డిసెంబరుకు తిరిగివచ్చి, బెంగాల్ విభజన మంటల మధ్య బనారస్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు.

సమాజంలో చేరినవారు

ఆ ఏడాదే ఆయన నెలకొల్పిన భారత సేవక సమాజంలో చేరేవారికి అయిదేళ్ల శిక్షణ ఉండేది. గ్రంథాలయంలో అధ్యయనం, దేశాటన, సీనియర్ల పర్యవేక్షణలో పని అందులో భాగం. వేదికలెక్కి అభిప్రాయాలు ప్రకటించడానికి ముందు దేశాన్ని తెలుసుకోవాలన్నది నియమం. భృతి కుటుంబం గడవడానికి సరిపోయేంతే.

మద్రాసు ట్రిప్లికేన్‌లో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి 1907లో ఉద్యోగం వదిలి ఇందులో చేరి, గోఖలే తరువాత అధ్యక్షుడయ్యారు. ఎన్.ఎం. జోషి కార్మికుల వైపు నడిచి 1920లో ఏఐటీయూసీ స్థాపనలో కీలకపాత్ర వహించారు. ఠక్కర్ బాపా ఇంజనీరు ఉద్యోగం విడిచి వచ్చి ఆదివాసుల, అస్పృశ్యుల సేవకు అంకితమయ్యారు. స్థాపక సభ్యుడు దేవధర్ స్త్రీవిద్య, సహకారోద్యమ రంగాల్లో కృషి చేశారు.

అయితే ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. బ్రిటిష్ వారితో సంబంధాన్ని సమాజపు నియమావళి అంగీకరించింది. విజ్ఞప్తులతో, వాదనలతో ఏలికల మనసు మారుతుందన్న నమ్మకాన్ని తిలక్ అనుచరులు ఎద్దేవా చేశారు. 1907 సూరత్ చీలికను గోఖలే ఆపలేకపోయారు. 1909 సంస్కరణలు ఆయన ఆశించినంత ఇవ్వలేదు. కొద్దిమంది సుశిక్షితులతో నడిచే సంస్థ లక్షలాది జనాన్ని కదిలించే ఉద్యమం కాలేదు. ఆ పని మరొకరి చేతుల మీదుగా జరగవలసి వచ్చింది.

ఓడిన బిల్లు, నెగ్గిన మాట

1910 మార్చిలో నిర్బంధ ఉచిత ప్రాథమిక విద్య కోరుతూ గోఖలే మండలిలో తీర్మానం ప్రవేశపెట్టారు. ప్రభుత్వ హామీతో దానిని ఉపసంహరించుకుని, ఫలితం లేకపోవడంతో 1911 మార్చిలో బిల్లు తెచ్చారు. ఆరు నుంచి పదేళ్ల బాలురకు తమ ప్రాంతంలో చదువును నిర్బంధం చేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. ఏడాదిపాటు దేశంలో సభలు, చర్చలు సాగాయి. ఖర్చు ఎక్కువనీ, ప్రజలు సిద్ధంగా లేరనీ అధికారులతో పాటు కొందరు భారతీయ సభ్యులూ వాదించారు. 1912 మార్చి 19న 13 ఓట్లకు వ్యతిరేకంగా 38 ఓట్లతో బిల్లు వీగిపోయింది. ఓటమి తప్పదని ఆయనకు ముందే తెలుసు. మళ్లీ మళ్లీ తెస్తామని సభకు చెప్పి కూర్చున్నారు.

తెలుగువారి జీవితాలతో ఆయనకున్న ముడి దక్షిణాఫ్రికాలో కనిపిస్తుంది. నాటాల్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో మద్రాసు రాష్ట్రానికి చెందిన తమిళులు, తెలుగువారు ఎందరో ఉన్నారు. నాటాల్‌కు కూలీల ఎగుమతి ఆపాలని 1910లో గోఖలే పెట్టిన తీర్మానాన్ని ప్రభుత్వం ఆమోదించింది. 1911లో ఆ ఎగుమతి నిలిచిపోయింది. ఒప్పందం ముగిసిన కూలీలపై విధించిన మూడు పౌండ్ల తలపన్ను రద్దు కోసం 1912లో ఆయన స్వయంగా దక్షిణాఫ్రికా వెళ్లారు. మంత్రులు మాట ఇచ్చారని నమ్మారు, వారు నిలబెట్టుకోలేదు. 1913లో గాంధీ నాయకత్వంలో గని కార్మికులు, తోట కూలీలు సమ్మెకు దిగినప్పుడు, మధుమేహంతో బాధపడుతూనే గోఖలే దేశమంతటా విరాళాలు సేకరించారు. 1914లో ఆ పన్ను రద్దయింది. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ఇవ్వజూపిన సర్ బిరుదును ఆయన తిరస్కరించారు.

1915 జనవరిలో స్వదేశం చేరిన గాంధీకి, ఏడాదిపాటు దేశం తిరిగి చూడాలనీ, అంతవరకు రాజకీయాలపై మాట్లాడవద్దనీ గోఖలే సూచించారు. తన సమాజంలోని యువకులకు పెట్టిన నియమమే అది. గాంధీ దానిని పాటించారు. ఆయన్ను సమాజంలో చేర్చుకునే విషయంలో మాత్రం సభ్యుల మధ్య అభిప్రాయభేదాలు వచ్చాయి. ఆ వ్యవహారం తేలకముందే, 1915 ఫిబ్రవరి 19న, 48 ఏళ్ల వయసులో గోఖలే కన్నుమూశారు. జీవితకాలమంతా ఆయనతో విభేదించిన తిలక్ అంత్యక్రియలకు వచ్చి నివాళులర్పించారు.

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న దేశంలో అమలులోకి వచ్చింది. మండలిలో గోఖలే తన తీర్మానం ప్రవేశపెట్టి అప్పటికి సరిగ్గా నూరేళ్లు దాటింది.