కార్నెగీ వ్యాపార సన్న్యాసము

గ్రంథాలయముల చరిత్ర చదివినవారిలో ఆండ్రూ కార్నెగీ పేరు విననివారుండరు. ఆయన యిచ్చిన ధనముతో ప్రపంచమున 2,509 గ్రంథాలయములు వెలసినవి. కాని ఆయన దానములకు ఆధారమైన ధనము చాలవరకు ఒక్క విక్రయమువలన చేతికి వచ్చినదనియు, వ్యాపారము విడువవలెనని తలచిన నాటినుండి నిజముగ విడుచుటకు 32 సంవత్సరములు పట్టినదనియు ఎరిగినవారు తక్కువ.

1835 వ సంవత్సరము నవంబరు 25 వ తేదీన స్కాట్లండు దేశమందలి డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున కార్నెగీ జన్మించెను. తండ్రి విలియం చేనేత పనివాడు. పూలల్లికగల సన్నని నారబట్టలు నేయుటలో నేర్పరి. ఆవిరిమగ్గములు వచ్చుటతో చేతిమగ్గమునకు గిరాకి పోయెను. మిల్లుబట్ట వచ్చిన పిమ్మట నేతవారి యిండ్లు ఏమగునో యెరిగినవారికి ఆ యింటి స్థితిని వేరుగ వర్ణింప నక్కరలేదు. 1848 లో మగ్గములను, ఇంటి సామానును వేలమువేసి, చాలని సొమ్ముకు అప్పు తెచ్చుకొని, భార్యాపుత్రులతో విలియం అమెరికాకు ఓడయెక్కెను. ఆ బాలుడు చూచిన మొదటి విక్రయము అది. గత్యంతరము లేక అమ్ముకొన్నది.

పెన్సిల్వేనియా రాష్ట్రములోని అలెఘెనీ పట్టణమున నూలుమిల్లులో కండెలందించు పనికి వారమునకు 1 డాలరు 20 సెంట్ల కూలి. తరువాత పిట్స్‌బర్గు తంతి కార్యాలయమున వార్తలు మోసెడి ఉద్యోగము. చదువుకొనుటకు పాఠశాల లేదు, పుస్తకము కొనుటకు డబ్బు లేదు. అట్టి సమయమున కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను ఒక పెద్దమనిషి తన సొంత గ్రంథములను, సుమారు 400 సంపుటములను, పనిచేసికొను బాలురకై ప్రతి శనివారము తెరచి యుంచెడివాడు. ఒక పుస్తకము తీసికొనిపోయి మరుసటి శనివారము మార్చుకొనవచ్చును. కొంతకాలమునకు ఆ గ్రంథాలయము పెరిగి, వృత్తి నేర్చుకొను బాలురకు మాత్రమే ఉచితమనియు, తక్కినవారు ఏటికి 2 డాలర్లు చెల్లింపవలెననియు నియమము పుట్టెను. తంతి బాలుడు ఊరక యుండలేదు. పత్రికకు లేఖ వ్రాసి, వాదించి, ఆ నియమమును మార్పించెను. గ్రంథాలయ విషయమున కార్నెగీ చేసిన మొదటి పని దానము కాదు, తగవు.

పిమ్మట 1853 లో పెన్సిల్వేనియా రైలు కంపెనీలో థామస్ స్కాట్ అను అధికారి క్రింద చేరి, ఆరేండ్లలో పిట్స్‌బర్గు విభాగమునకు పర్యవేక్షకుడాయెను. రైళ్ళలో పడకపెట్టెలు చేయు కంపెనీలోను, ఇనుప వంతెనల పనిలోను సొమ్ము పెట్టి, 1865 లో ఉద్యోగము మానుకొనెను. 1868 డిసెంబరు నాటికి ఆయన వయస్సు 33. సాలునకు ఆదాయము 50,000 డాలర్లు. ఆ నెలలో న్యూయార్కులోని ఒక హోటలులో కూర్చుండి తనకు తానే ఒక కాగితము వ్రాసికొనెను. ఇక రెండేండ్లు మాత్రమే ఆర్జించుట, అటుపై ఆక్స్‌ఫర్డునకు పోయి విద్య నభ్యసించుట, మిగులు ధనమును సత్కార్యములకు వెచ్చించుట అని అందు నిర్ణయించుకొనెను. ధనార్జనలోనే మనస్సు నిలిపినచో తిరిగి బాగుపడలేనంతగ తాను దిగజారుదునను భయమును కూడ వ్రాసికొనెను.

రెండేండ్లు గడచెను. కార్నెగీ ఆక్స్‌ఫర్డునకు పోలేదు. ఉక్కు అడ్డము వచ్చెను. బెస్సెమర్ పద్ధతిచే ఉక్కు చౌకగ తయారగుట ఇంగ్లండులో చూచి వచ్చి, పిట్స్‌బర్గునకు చేరువనున్న బ్రాడక్ వద్ద పెద్ద కర్మాగారము కట్టించెను. 1875 లో అచ్చట రైలుపట్టాలు తయారగుట మొదలయ్యెను. టన్ను ఒక్కంటికి ఎంత ఖర్చగుచున్నదో పైసతోసహా తెలిసికొనుట, లాభమును పంచుకొనక తిరిగి యంత్రములలో పెట్టుట, వ్యాపారము మందగించి ఇతరులు వెనుదీసినపుడు తాను విస్తరించుట, ఇవి ఆయన సూత్రములు. 1883 లో హోంస్టెడ్ కర్మాగారము చేతికి వచ్చెను. కోక్ బొగ్గు వ్యాపారి హెన్రీ ఫ్రిక్ భాగస్వామియై నిర్వహణభారము వహించెను. 1889 లో ధనమును గూర్చి కార్నెగీ ఒక వ్యాసము ప్రకటించెను. ధనికుడు బ్రదికియుండగనే తన సంపదను ప్రజలకై వినియోగింపవలెనని అందలి సారము. ఇట్లు ప్రకటించిన తరువాత కూడ పండ్రెండేండ్లు ఆయన కొలిమిని విడువలేదు.

ఆ జాగునకు మూల్యము చెల్లించినవారు పనివారు. 1892 లో హోంస్టెడ్‌లో కూలి రేట్ల తగ్గింపుపై వివాదము పుట్టగా, ఫ్రిక్ కర్మాగారమును మూసివేసి, జూలై 6 వ తేదీన 300 మంది సాయుధ భటులను పడవలలో నదిమీదుగ రప్పించెను. కాల్పులు జరిగి ఇరుపక్షముల వారును మరణించిరి. తుదకు రాష్ట్ర సైన్యము దిగెను, కార్మిక సంఘము నశించెను. కార్నెగీ అప్పుడు స్కాట్లండులో విశ్రాంతిగ నుండెను. ఫ్రిక్ చర్యలకు ముందే ఆయన మద్దతు గలదు. వార్త తెలిసిన పిమ్మటనైన తిరిగి రాలేదు. 1898 లో హోంస్టెడ్‌లో చక్కని గ్రంథాలయము తెరపించెను గాని, దినమునకు పండ్రెండు గంటలు కొలిమివద్ద నిలిచినవాడు ఇంటికి వచ్చి పుస్తకము పట్టుట యెట్లో ఎవ్వరును చెప్పలేదు. ఈ మచ్చ ఆయన దానములచే కప్పబడునది కాదు.

1899 లో మొదటిసారి విక్రయప్రయత్నము జరిగెను. ఫ్రిక్, ఫిప్స్ అను భాగస్వాములు కొనువారి పేరు చెప్పకయే బేరము తెచ్చిరి. కార్నెగీ 11 లక్షల 70 వేల డాలర్లు బయానాగ పుచ్చుకొనెను. కొనువారు షికాగో సట్టావ్యాపారులని పిమ్మట తెలిసెను. గడువులోపల వారు సొమ్ము కూర్చలేకపోగా బయానా అంతయు ఆయనయే యుంచుకొనెను. అందులో 1 లక్షా 70 వేలు తన భాగస్వాములదే! ఆపై ఫ్రిక్‌తో కలహము కోర్టుకెక్కి 1900 లో రాజీ అయ్యెను గాని, ఆ యిద్దరును మరల స్నేహితులు కాలేదు.

ఆ యేడు కంపెనీ లాభము 4 కోట్ల డాలర్లు. సరిగా ఆ కాలముననే జె. పి. మోర్గన్ అను మహాధనికుని అండగల కంపెనీలు, తమకు కావలసిన ఉక్కును తామే చేసికొనుటకు పూనుకొనెను. కార్నెగీ బెదరక, ఈరీ సరస్సు తీరమున గొట్టముల కర్మాగారము పెట్టుదునని ప్రకటించెను. ఈ పోటీ సాగినచో తన కంపెనీలకు నష్టము తప్పదని మోర్గన్ గ్రహించెను. 1900 డిసెంబరు 12 వ తేదీ రాత్రి న్యూయార్కులోని ఒక విందులో, కార్నెగీ కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ ష్వాబ్ ఉక్కు పరిశ్రమ భవిష్యత్తును గూర్చి ఉపన్యసించెను. ప్రక్కనే కూర్చున్న మోర్గన్ శ్రద్ధగ వినెను. కొలది దినములకు, కార్నెగీ అమ్మునా, అమ్మినచో వెల యెంత అని ష్వాబ్‌ను కనుగొని రమ్మనెను.

ష్వాబ్ ముందుగ కార్నెగీ భార్య లూయీని ఆలోచన యడిగెను. భర్త వ్యాపారమునుండి తప్పుకొనవలెనని ఆమె కోరిక. వారి యేకైక పుత్రిక అప్పటికి నాలుగేండ్లు నిండని పసిపిల్ల. గాల్ఫ్ ఆడునపుడు మాట కదపుమని ఆమె సలహా యిచ్చెను. ఆట ముగిసిన పిమ్మట ష్వాబ్ విషయము తెలిపెను. 65 ఏండ్ల కార్నెగీ ఆ రాత్రి ఆలోచించి, మరునాడు ఒక కాగితముపై పెన్సిలుతో లెక్క వ్రాసి యిచ్చెను. మొత్తము 48 కోట్ల డాలర్లు. మోర్గన్ ఆ కాగితమును ఒక్కసారి చూచి సమ్మతించెను. మరి 10 కోట్లు ఎక్కువ అడిగినను ఇచ్చియుండెడివాడని పిమ్మట మోర్గనే చెప్పినట్లు ఒక కథ కలదు.

వెలకన్న గమనింపదగినది వెల పుచ్చుకొన్న తీరు. కార్నెగీ తన వంతు సుమారు 22 కోట్ల 50 లక్షలకు క్రొత్తగ నేర్పడిన యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీలో వాటాలు కోరలేదు. నూటికి 5 వంతున వడ్డీ వచ్చు బంగారు బాండ్లనే కోరెను. వాటాదారునకు కంపెనీ లాభనష్టములతో పని. దినదినము వెనుకకు తిరిగి చూడక తప్పదు. ఋణపత్రము గలవానికి వడ్డీతోనే పని. ఆ పత్రములను న్యూజెర్సీలోని హొబోకెన్ పట్టణమున ఒక ఉక్కుగదిలో భద్రపరచిరి. వానిని ఆయన కన్నులతో చూడనే లేదని చెప్పుదురు.

1901 మార్చిలో ఆయన ఐరోపాకు ప్రయాణమగుటకు ముందు 50 లక్షల డాలర్ల బాండ్లను వేరుచేసెను. అందు 40 లక్షలు గాయపడిన పనివారికిని, మరణించినవారి కుటుంబములకును, వృద్ధులకును; 10 లక్షలు బ్రాడక్, హోంస్టెడ్, డ్యూకేన్ గ్రంథాలయములకు. అదే కాలమున న్యూయార్కు నగరమున శాఖా గ్రంథాలయములకై 52 లక్షలు వాగ్దానము చేసెను.

పంచుటలోను వ్యాపారి బుద్ధి పోలేదు. జేమ్స్ బెర్ట్రాం అను కార్యదర్శి అర్జీలను పరీక్షించెడివాడు. ఊరివారు స్థలము చూపవలెను. ఇచ్చిన ధనములో పదియవ వంతును ఏటేట పన్నుగ వసూలుచేసి గ్రంథాలయమునకు వెచ్చింతుమని తీర్మానింపవలెను. 10,000 డాలర్ల భవనము కావలెనన్న ఊరు ఏటికి 1,000 డాలర్లు తానే పెట్టుకొనవలెను. గోడలు కార్నెగీవి, పుస్తకములు ఊరివి. ఈ నిబంధన భారమని కొన్ని ఊళ్ళు వెనుదీసెను. హోంస్టెడ్‌ను మరువని కార్మికులు కొన్నిచోట్ల ఆ ధనమే వలదని వాదించిరి.

ఎంత యిచ్చినను వడ్డీ పెరుగుచునే యుండెను. 1911 లో 12 కోట్ల 50 లక్షలతో కార్నెగీ కార్పొరేషన్‌ను నెలకొల్పి, దానము చేయు పనిని కూడ సంస్థకు అప్పగించెను. ఇది ఆయన రెండవ విరమణ. శాంతికై హేగ్ నగరమున ఆయన ధనముతో కట్టిన భవనము 1913 లో తెరువబడగా, మరుసటి యేడే మహాయుద్ధము వచ్చిపడెను. ఆ దెబ్బనుండి ఆయన తేరుకొనలేదు. జీవితమున సుమారు 35 కోట్ల డాలర్లు పంచి, 1919 ఆగస్టు 11 వ తేదీన మెసచూసెట్స్‌లోని లెనాక్స్‌లో కన్నుమూసెను. ఆయన అమ్మిన కర్మాగారములలో పండ్రెండు గంటల దినము 1923 వరకు తొలగలేదు.

కర్నల్ ఆండర్సన్‌కు ఆయన 1904 లోనే అలెఘెనీ గ్రంథాలయము ముందర స్మారకచిహ్నము నిలిపియుండెను. అందు దాత ప్రతిమకు దిగువన, దాగలిపై కూర్చుండి తెరచిన పుస్తకము చదువుకొనుచున్న ఒక కొలిమి పనివాని విగ్రహమున్నది.