గులాం అహ్మద్: హైదరాబాద్ వదలని ఆఫ్ స్పిన్నర్

పాతబస్తీ చాయ్ హోటళ్లలో టెస్ట్ క్రికెట్ మాట మొదలైతే అజహరుద్దీన్ పేరు వెంటనే వచ్చేస్తుంది. నలుగురిలో ఒక పెద్దాయన ఉంటే మాత్రం కబుర్లు ఇంకా వెనక్కి వెళ్తాయి. అజహర్ కంటే 34 ఏళ్ల ముందే భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన హైదరాబాదీ ఒకాయన ఉన్నాడని ఆ పెద్దాయన గుర్తు చేస్తాడు. ఆయనే గులాం అహ్మద్. ఆడింది 22 టెస్టులు, తీసింది 68 వికెట్లు. ఈ కాలం లెక్కల్లో చూస్తే ఇవి చిన్న అంకెలే. కానీ ఆయన ఏ రోజుల్లో ఆడారో తెలిస్తే ఆ అంకెల బరువు అర్థమవుతుంది.

గులాం అహ్మద్ 1922 జూలై 4న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. 1930ల నుంచి మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీల కోసం దేశంలోని పెద్ద పెద్ద ఆటగాళ్లు ఈ నగరానికి వచ్చేవారు. హైదరాబాద్ జట్టు 1937-38లో రంజీ ట్రోఫీ కూడా గెలిచింది. కుర్రాళ్లలో క్రికెట్ పిచ్చి ముదిరిన ఆ రోజుల్లోనే, 1939-40 సీజన్‌లో, 17 ఏళ్ల గులాం అహ్మద్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడటం మొదలుపెట్టారు.

ఆయనది ఆఫ్ స్పిన్. కుడిచేత్తో, వేళ్లతో తిప్పే బంతి. పిచ్ మీద పడ్డాక కుడిచేతి బ్యాట్స్‌మన్ వైపు లోపలికి తిరుగుతుంది. పొడవాటి మనిషి కావడం, చేయి బాగా పైకెత్తి వేయడం వల్ల బంతి ఎత్తు నుంచి దిగి, పడ్డ చోట నుంచి కాస్త ఎగిరేది. తిప్పడం ఒక్కటే చాలదు, ఒకే చోట పదే పదే వేయగలగాలి. ఆ ఓపిక ఆయనకు దండిగా ఉండేది. 1950-51లో ఇండోర్ జట్టు హోల్కర్‌తో రంజీ మ్యాచ్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఆయన వేసిన ఓవర్లు 92.3. అంటే 555 బంతులు. ఇప్పుడు టెస్టు మ్యాచ్‌లో రోజంతా కలిపి రెండు వైపుల నుంచీ వేయాల్సిన ఓవర్లు 90. అన్ని ఓవర్లు వేస్తే దక్కింది 4 వికెట్లు, ఇచ్చిన పరుగులు 245. అయినా చేతిలో బంతి వదల్లేదు.

టెస్టు జట్టులో చోటు మాత్రం తొందరగా రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల భారత్ 1936 తర్వాత పదేళ్ల పాటు టెస్టులే ఆడలేదు. 1946లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులోనూ, 1947-48లో ఆస్ట్రేలియా వెళ్లిన జట్టులోనూ ఆయన పేరు లేదు.

ఇంతలో 1948 సెప్టెంబర్ వచ్చింది. భారత సైన్యం హైదరాబాద్‌లోకి ప్రవేశించింది. ఐదు రోజుల్లో నిజాం పాలన ముగిసింది. పోలీస్ యాక్షన్ అని పిలిచే ఆ రోజులు, ఆ తర్వాతి నెలలు ఎందరో ముస్లిం కుటుంబాలకు భయంతో గడిచాయి. జిల్లాల్లో ప్రాణాలు పోయాయి, ఇళ్లు పోయాయి. సర్కారు కొలువుల మీద బతికినవాళ్లకు రేపేమిటో తెలియలేదు. ఉండాలా, కరాచీ వెళ్లిపోవాలా అన్న మాట ఇంటింటా నడిచింది. కొందరు వెళ్లారు, కొందరు ఉండిపోయారు. కొన్ని ఇళ్లలో ఒక అన్న అక్కడ, ఒక తమ్ముడు ఇక్కడ అయిపోయారు.

అది జరిగి నాలుగు నెలలు నిండకముందే, 1948 డిసెంబర్ 31న, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌తో మూడో టెస్టు మొదలైంది. భారత జట్టులో 26 ఏళ్ల గులాం అహ్మద్ ఉన్నారు. మొన్నమొన్నటి దాకా వేరే సంస్థానంగా ఉన్న ఊరి నుంచి వచ్చిన ముస్లిం యువకుడు దేశం తరఫున బంతి పట్టుకున్నాడు. ఎదురుగా ఎవర్టన్ వీక్స్ ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో వీక్స్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు, 162, 101. అంతటి బ్యాటింగ్ ముందు కూడా గులాం అహ్మద్ మొదటి ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు తీశారు.

ఆయన కెరీర్‌లో 1952 పెద్ద సంవత్సరం. ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ ఇంగ్లండ్‌ను ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో ఓడించింది. టెస్టులు మొదలుపెట్టిన 20 ఏళ్లకు దేశానికి దక్కిన తొలి గెలుపు అది. మొదటి ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు తీసిన వినూ మన్కడ్ పేరే అందరికీ గుర్తుంది. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్ 4 వికెట్లు తీస్తే, గులాం అహ్మద్ కూడా 4 తీశారు. ఆ వేసవిలో ఇంగ్లండ్ పర్యటన జట్టుకు చేదు జ్ఞాపకమైంది. లీడ్స్‌లో కొత్త కుర్రాడు ఫ్రెడ్ ట్రూమన్ దెబ్బకు రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు కూడా రాకుండానే భారత్ 4 వికెట్లు పోగొట్టుకుంది. అదే మ్యాచ్‌లో అంతకుముందు ఇంగ్లండ్ ఇన్నింగ్స్‌లో గులాం అహ్మద్ 5 వికెట్లు తీసిన సంగతి ఆ ఓటమిలో కలిసిపోయింది.

ఆ అక్టోబర్‌లో పాకిస్తాన్ తన మొట్టమొదటి టెస్టు ఆడటానికి ఢిల్లీ వచ్చింది. వాళ్ల కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్ ఆరేళ్ల కిందట భారత్ తరఫున ఆడినవాడే. అమీర్ ఇలాహీ కూడా అంతే. నిన్న ఒకే జట్టు, నేడు రెండు జట్లు. విడిపోయిన కుటుంబాలు రెండు వైపులా రేడియోల ముందు కూర్చున్న మ్యాచ్ అది. భారత్ 263 పరుగులకు 9 వికెట్లు కోల్పోయింది. చివరి బ్యాట్స్‌మన్‌గా గులాం అహ్మద్ వచ్చారు. బ్యాటింగ్‌లో ఆయన మీద ఎవరికీ పెద్దగా ఆశలుండేవి కావు. ఆ రోజు మాత్రం హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. అధికారి 81తో నాటౌట్‌గా మిగిలారు. గులాం అహ్మద్ సరిగ్గా 50 కొట్టారు. టెస్టుల్లో ఆయనకు అదొక్కటే అర్ధసెంచరీ. భారత్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఆ చివరి వికెట్ రికార్డు 52 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2004లో ఢాకాలో సచిన్, జహీర్ ఖాన్ 133 పరుగులు జోడించేదాకా అదే భారత రికార్డు.

1955 నవంబర్ 19న హైదరాబాద్‌లో తొలిసారి టెస్టు మ్యాచ్ జరిగింది. ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో ఆడిన ఆ మ్యాచ్‌కు భారత కెప్టెన్ గులాం అహ్మద్. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్న చోటు అదే. పోలీస్ యాక్షన్ జరిగి ఏడేళ్లు. అదే నగరం వాడు, ఆ నగరం నడిబొడ్డున, భారత జట్టును వెంటబెట్టుకుని మైదానంలోకి దిగాడు. చూసినవాళ్లకు అదెంత సంబరమో చెప్పక్కర్లేదు. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది. సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ డ్రా అయింది. తర్వాతి టెస్టు నుంచి కెప్టెన్సీ ఉమ్రిగర్‌కు వెళ్లింది.

బౌలర్‌గా ఆయన గొప్ప రోజు మరుసటి ఏడాది వచ్చింది. 1956 నవంబర్‌లో మళ్లీ కలకత్తాలోనే, ఆస్ట్రేలియా మీద. మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులిచ్చి 7 వికెట్లు. ఆస్ట్రేలియా 177కే ఆలౌట్. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో 3. మ్యాచ్‌లో మొత్తం 10 వికెట్లు. కానీ రిచీ బెనో 11 వికెట్లు తీశాడు. భారత్ రెండుసార్లూ 136కే ఆలౌటై, 94 పరుగులతో ఓడింది.

ముగింపు కూడా ఈడెన్‌లోనే. 1958-59లో వెస్టిండీస్ వచ్చింది. మొదటి టెస్టుకు ఉమ్రిగర్ కెప్టెన్. తర్వాత రెండు టెస్టులకు గులాం అహ్మద్. కాన్పూర్‌లో గుప్తే ఒక ఇన్నింగ్స్‌లో 9 వికెట్లు తీసినా భారత్ 203 పరుగులతో ఓడింది. తర్వాతి మ్యాచ్ కలకత్తాలో 1958 డిసెంబర్ 31న మొదలైంది. ఆయన తొలి టెస్టు మొదలై సరిగ్గా పదేళ్లు. అదే మైదానం, అదే ప్రత్యర్థి. రోహన్ కన్హాయ్ 256 కొట్టాడు. భారత్ ఇన్నింగ్స్ 336 పరుగులతో ఓడింది. ఇన్నింగ్స్ తేడాతో భారత్‌కు అంత పెద్ద ఓటమి ఆ తర్వాత కూడా రాలేదు. గులాం అహ్మద్ టెస్టుల నుంచి తప్పుకున్నారు. మద్రాసులో మన్కడ్, ఢిల్లీలో అధికారి కెప్టెన్లయ్యారు. ఐదు టెస్టులకు నలుగురు కెప్టెన్లు! ఆ గందరగోళం గురించి చెప్పుకునేటప్పుడల్లా ఆయన పేరు రావడం ఆయన దురదృష్టం. మద్రాసు తొలి గెలుపు గురించి చెప్పుకునేటప్పుడు మాత్రం ఎప్పుడో గానీ రాదు.

ఆట ఆపినా ఊరు వదల్లేదు, క్రికెట్ వదల్లేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా పనిచేశారు. 1975 నుంచి 1980 దాకా భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా ఉన్నారు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. గులాం అహ్మద్ కుటుంబానికే చెందిన ఆసిఫ్ ఇక్బాల్ 1943లో హైదరాబాద్‌లోనే పుట్టాడు, హైదరాబాద్‌కు రంజీ ఆడాడు. 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1979-80లో పాకిస్తాన్ జట్టు 19 ఏళ్ల తర్వాత భారత్‌కు వచ్చినప్పుడు ఆ జట్టు కెప్టెన్ ఆసిఫే. పెద్దాయన భారత బోర్డులో కార్యదర్శి, చిన్నవాడు పాకిస్తాన్ కెప్టెన్. 1948లో ఇంటింటా నడిచిన ఆ ప్రశ్నకు ఒకే కుటుంబంలో వచ్చిన రెండు జవాబులవి. సిరీస్ భారత్ 2-0తో గెలిచింది. ఆసిఫ్ తన చివరి టెస్టు కూడా ఈడెన్ గార్డెన్స్‌లోనే ఆడాడు.

1983లో ప్రపంచ కప్‌కు కపిల్ దేవ్ జట్టును ఎంపిక చేసిన సెలెక్షన్ కమిటీకి ఛైర్మన్ గులాం అహ్మద్. ఆ జట్టు మేనేజర్ మాన్ సింగ్ కూడా హైదరాబాదీయే. లార్డ్స్ బాల్కనీలో కప్పు ఎత్తిన ఫొటో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ జట్టును ఎంచిన చేతుల్లో హైదరాబాద్ చేయి ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన తర్వాత ఈ నగరం నుంచి శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ లాంటి ఆఫ్ స్పిన్నర్లు భారత జట్టుకు ఆడారు. 1984 డిసెంబర్ 31న ఈడెన్ గార్డెన్స్‌లో ఇంకో హైదరాబాదీ కుర్రాడు తొలి టెస్టు ఆడాడు, సెంచరీ కొట్టాడు. అతనే అజహరుద్దీన్. గులాం అహ్మద్ అదే మైదానంలో అడుగుపెట్టిన తేదీకి సరిగ్గా 36 ఏళ్లు.

గులాం అహ్మద్ 1998 అక్టోబర్ 28న, 76 ఏళ్ల వయసులో, పుట్టిన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆయన తీసిన వికెట్లు 407. ఫతే మైదాన్ ఇప్పటికీ ఉంది. అటువైపు వెళ్లినప్పుడు, ఈ ఊళ్లో తొలి టెస్టుకు టాస్ వేయడానికి నడిచి వెళ్లిన హైదరాబాదీ ఎవరో పిల్లలకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.