ఓడతో పాటే కెప్టెన్ ముల్లా

దూలపల్లి: హకీంపేట విమానాలు నిత్యం నెత్తిమీదుగా పోతుంటాయి గనుక దూలపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వాసులకు వైమానిక దళం కొత్త కాదు. నౌకాదళం సంగతి వేరు. సముద్రం చూడాలంటే రైలెక్కి ఏ విశాఖకో పోవలసిందే. అందుకే కాబోలు, 1971 యుద్ధంలో ప్రాణాలర్పించిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు ఈ పల్లెల్లో అంతగా వినబడదు.

ముల్లా 1926 మే 15న గోరఖ్‌పూర్‌లో జన్మించారు. 1948లో నౌకాదళ అధికారి అయ్యారు. 1971 నాటికి ‘ఖుక్రీ’ అనే యుద్ధనౌకకు కెప్టెన్. ఖుక్రీ అంటే గూర్ఖాల కత్తి. అప్పటికే భార్య, ఇద్దరు కుమార్తెలు గల సంసారి.

ఆ డిసెంబర్ మొదటి వారంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ వాకిట మునిగిపోయింది. మన క్షిపణి పడవలు కరాచీ రేవును దెబ్బతీశాయి. అయితే ‘హంగోర్’ అనే మరో జలాంతర్గామి గుజరాత్ తీరాన డయ్యూ దగ్గర పొంచి ఉంది. దానిని వేటాడడానికి బొంబాయి నుంచి ఖుక్రీ, కృపాణ్ నౌకలు బయలుదేరాయి.

నీటిలోకి శబ్దం పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామిని పసిగట్టే యంత్రాన్ని సోనార్ అంటారు. ఖుక్రీ సోనార్ అంత దూరం పట్టేది కాదు. హంగోర్‌లోనిది కొత్తది, చాలా దూరం వినగలది. వేటగాడి కంటే వేటకే చూపెక్కువన్నమాట. అటువంటి పాత ఓడలను పంపడం సబబేనా అన్న విమర్శ తర్వాత గట్టిగానే వచ్చింది. సోనార్ బాగా పనిచేయాలని ఖుక్రీ నెమ్మదిగా నడిచింది. ఆ నెమ్మదే శత్రువుకు అదనయింది.

డిసెంబర్ 9 రాత్రి సుమారు తొమ్మిది గంటల వేళ టార్పెడో తగిలింది. ఓడ నిమిషాల్లో ఒరిగిపోసాగింది. దీపాలు ఆరిపోయాయి. ఓడను విడిచి పొమ్మని ముల్లా ఆజ్ఞాపించారు. తన ప్రాణరక్షక కోటును ఒక నావికుడికి ఇచ్చేశారు. వెనుకాడిన వారిని నీటిలోకి దూకించారు. కెప్టెన్ ఓడతో పాటే మునగాలని ఏ చట్టమూ శాసించదు. ఆయన దూకితే తప్పుపట్టేవారు ఉండరు. కాని కింది అంతస్తుల్లో తనవాళ్లు వందకు పైగా చిక్కుకుని ఉన్నారు. ముల్లా కదలలేదు. తన కుర్చీలో కూర్చుని ఉండగా చివరిసారి చూశామని బతికి వచ్చినవారు చెప్పారు.

18 మంది అధికారులు, 176 మంది నావికులు జలసమాధి అయ్యారు. ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. 2000లో తపాలా బిళ్ల వెలువడింది. డయ్యూలో సముద్రానికి ఎదురుగా స్మారకం ఉంది.

ఖుక్రీ పేరును 1989లో మరో యుద్ధనౌకకు పెట్టారు. అది 32 ఏళ్లు సేవచేసి, 2021 డిసెంబర్ 23న మన విశాఖలోనే పతాకం దించుకుంది. మరుసటి ఏడు దానిని ప్రదర్శన కోసం డయ్యూకు అప్పగించారు.