డ్యూటీకి వెళ్ళిన అమ్మ: అయ్యలసోమయాజుల లలిత

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగినా ఎవరూ కంగారు పడరు. బండి నడపడానికి నాన్నకు కాల్ వచ్చిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మ లేచి టీ పెడుతుంది, డబ్బా కడుతుంది. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో ఆ కాల్ అమ్మకే వస్తోంది. మరి డబ్బా ఎవరు కడతారు? నిద్ర లేచి ఏడ్చే చంటిపాపను ఎవరు ఎత్తుకుంటారు? ఎనభై ఏళ్ళ క్రితమే ఈ చిక్కు ఎదురైన ఒక తెలుగు తల్లి గురించి ఈసారి మన పత్రికలో రాయాలనుకున్నాం. ఆమె అయ్యలసోమయాజుల లలిత గారు, మన దేశపు తొలి మహిళా ఇంజనీరు.

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఏడుగురు సంతానంలో ఈమె ఐదవ బిడ్డ. అన్నదమ్ములు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లల విషయంలో మాత్రం ఆ చదువుకున్న ఇంట్లోనూ లోకరీతే సాగింది: కొంత చదువు, ఆపైన పెళ్ళి. లలిత గారికి పదిహేనో ఏటనే పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకు కూతురు పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త చనిపోయారు.

ఆ రోజుల్లో భర్త పోయిన చిన్నవయసు స్త్రీకి మంచి చీర కట్టే హక్కు కూడా ఉండేది కాదు. చాలామంది వంటింటి మూలనే బతుకు వెళ్ళదీశారు. లలిత గారు పుట్టింటికి వచ్చి, మళ్ళీ చదువుతానన్నారు. తండ్రి సరేనన్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పాసయ్యారు.

తర్వాత ఏం చదవాలన్నప్పుడు ఆమె ఆలోచించిన తీరు మాకు ఎంతో నచ్చింది. తెలివైన అమ్మాయి అంటే డాక్టరు కావాలని అప్పుడూ అనేవారు, ఇప్పుడూ అంటున్నారు. కానీ డాక్టరుకు అర్ధరాత్రి పిలుపు వస్తుంది. పిలుపు వస్తే పాపను వదిలి పరుగెత్తాలి. అది ఆమెకు ఇష్టం లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం కావాలి. తండ్రి, అన్నదమ్ముల ఇంజనీరు జీవితం కళ్ళముందే ఉంది. అందుకే ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. ఆడవాళ్ళు ఎవరూ చేరని చదువులో చేరడం సాహసమే. అయితే దాని వెనక ఉన్నది పేరు కోసం తాపత్రయం కాదు, సాయంత్రం పాపను చూసుకోవాలన్న లెక్క. అర్ధరాత్రి కాల్ అంటే ఏమిటో తెలిసిన మాకు ఈ లెక్క వెంటనే అర్థమైంది.

సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. విద్యాశాఖ అనుమతి వచ్చింది. 1940లో లలిత గారు గిండీలో చేరారు. వందలాది అబ్బాయిల మధ్య ఒక్కరే అమ్మాయి. హాస్టల్లో ఉండవలసి వచ్చింది. పాపను పుట్టింటివాళ్ళు పెంచారు. వారాంతాల్లో మాత్రమే తల్లి వచ్చి చూసుకునేది. పాప కోసం ఎంచుకున్న చదువే పాపను కొన్నాళ్ళు దూరం చేసిందన్నమాట. ఆమె గురించి చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు. మాకు అలా దాటబుద్ధి కాలేదు.

అబ్బాయిల వల్ల ఆమెకు ఇబ్బంది ఏమీ లేదు, కానీ హాస్టల్లో ఒంటరితనం బాధించింది. దాన్ని ఆమె మౌనంగా భరించి ఊరుకోలేదు. మరికొందరు అమ్మాయిలను చేర్చుకోవడానికి కాలేజీ ముందుకు వచ్చింది. మరుసటి సంవత్సరం సివిల్ ఇంజనీరింగ్‌లో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా చేరారు. చదువు ముగిశాక ఇచ్చే పట్టాలో మగవాళ్ళకు తగినట్టే మాటలు అచ్చయి ఉండేవి. 'అతడు' అన్నచోట కొట్టివేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది!

ఇప్పుడు మన రైల్వే వాళ్ళు గర్వపడే సంగతి. డిగ్రీతో పాటు తప్పనిసరైన ప్రాక్టికల్ శిక్షణను ఆమె బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పూర్తి చేశారు. 1862లో మొదలైన ఆ వర్క్‌షాపు పేరు మన లోకో షెడ్డులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మసి, ఆ సుత్తి చప్పుళ్ళ మధ్య చీర కట్టుకున్న ఒక చిన్న వయసు తల్లిని ఊహించుకోండి.

మొదటి ఉద్యోగం సిమ్లాలో, కేంద్ర ప్రమాణాల సంస్థలో. అక్కడ సోదరుడి ఇంట్లో ఉన్నారు. తర్వాత కొన్ని నెలలు తండ్రి పరిశోధనల్లో తోడ్పడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడ కూడా ఒక సోదరుడి కుటుంబం ఉంది. ఉద్యోగం ఎక్కడ దొరికినా ఇల్లు మాత్రం తోబుట్టువుల నీడలోనే. ఆమె ఒంటిచేత్తో అన్నీ నెగ్గుకొచ్చారని పొగిడితే సగమే చెప్పినట్టు. ఆమె డ్రాయింగుల ముందు కూర్చున్నంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు పాపకు అన్నం పెట్టారు.

కలకత్తాలో ఆమె పని విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు తయారుచేయడం. సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్ళారు. 1966లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పూర్తి సభ్యత్వం ఇచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1977లో పదవీ విరమణ చేశారు. రెండేళ్ళకే, 1979 అక్టోబర్ 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు.

ఈ వ్యాసం రాయడం పూర్తయిన రోజు మాలో ఒకరి అమ్మ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివారు. భాక్రా గురించి ఏమైనా అడుగుతారనుకున్నాం. ఆవిడ అడిగింది ఒకటే: వారాంతం ముగిసి తల్లి హాస్టలుకు బయలుదేరినప్పుడు ఆ పాప ఏడ్చేదా అని.